బొగ్గింజన్ నడిచే రోజే రైలు మ్యూజియం చూసి రావడం ఎలా? (పాలమూరు, నల్లగొండ వాళ్లకు)

"ఢిల్లీ రైలు మ్యూజియంలో బొగ్గింజన్ నిజంగా నడుస్తదా? పిల్లలను తీస్కపోతే చూపిస్తరా?" సెలవులు దగ్గరపడితే జడ్చర్ల నుంచి మిర్యాలగూడ దాకా అందరూ అడిగేది ఇదే.

నడుస్తుంది. కాకపోతే రోజూ నడవదు, అక్కడున్న ఇంజన్లన్నీ నడవవు. అంత దూరం పోయి ఉత్త ఇనుము చూసి వచ్చామని బాధపడేవాళ్లలో చాలామంది ముందు రైలు టికెట్ తీసుకుని, మ్యూజియం సంగతి ఢిల్లీలో దిగాక కనుక్కున్నవాళ్లే. ఆ వరుస మార్చండి. పొయ్యి ఏ రోజు వెలిగిస్తారో ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే టికెట్.

ఎక్కడెక్కడ చూడొచ్చు

ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియం 1977 ఫిబ్రవరి 1న మొదలైంది. పాత ఇంజన్లు, రాజుల సెలూన్లు (వాళ్ల ప్రత్యేక రైలు పెట్టెలు) ఆరుబయట పట్టాల మీద నిలబెట్టి ఉంటాయి. వీటిలో ఆవిరితో నడిపి చూపించేది ఒకే పట్టా మీద నడిచే పటియాలా స్టేట్ మోనోరైలు.

హర్యానాలోని రేవాడి స్టీమ్ షెడ్డు ఢిల్లీకి 80 కిలోమీటర్ల దూరం. 1893లో కట్టిన షెడ్డు ఇది. నడిచే స్థితిలో ఉన్న పెద్ద బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) ఇంజన్లు ఇక్కడ ఉంటాయి. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ ఇంజన్ కూడా ఇక్కడే ఉంటుంది.

ఢిల్లీ దాకా పోలేనివాళ్లకు తమిళనాడులో ఊటీకి పోయే నీలగిరి రైలు ఉంది. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఆవిరి ఇంజనే లాగుతుంది, సరిగ్గా చెప్పాలంటే తోస్తుంది. దాని సంగతి 9వ మెట్టులో.

ఏది ఎంచుకోవాలంటే: రకరకాల ఇంజన్లు, సెలూన్లు, చరిత్ర కావాలంటే ఢిల్లీ. పెద్ద ఇంజన్‌ను దగ్గర నిలబడి తీరిగ్గా చూడాలంటే రేవాడి. "ఆవిరి బండి ఎక్కి కూర్చోవాలి, అంతే" అంటే నీలగిరే. చిన్న పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఢిల్లీ, రేవాడి రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

దగ్గర ఉండాల్సినవి

- ఒరిజినల్ గుర్తింపు కార్డు, ఒక్కొక్కరికీ.
- నిండు చేతుల నూలు బట్టలు, వేళ్లు మూసుకునే బూట్లు. నైలాన్, పాలిస్టర్ చీరలు, చున్నీలు వద్దు. నిప్పు రవ్వ పడితే నూలు బట్టకు చిన్న మచ్చే పడుతుంది, సింథటిక్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.
- పవర్ లేకపోయినా సరే, ఒక జత కళ్లద్దాలు. పొగతో పాటు వచ్చే బొగ్గు నలుసుల కోసం.
- పిల్లల చెవులకు దూది.
- తువ్వాలు, రెండు లీటర్ల నీళ్లు. నీళ్లు తాగడానికే కాదు, కంట్లో నలుసు పడితే కడగడానికి కూడా.
- ఫోన్‌లో కనీసం 10 జీబీ ఖాళీ, పవర్ బ్యాంక్.
- చిల్లర నోట్లు. టాయ్ ట్రైన్‌కు, మోనోరైలుకు లోపల వేరే టికెట్ ఉంటుంది.

దారికి సజ్జ రొట్టెలు, సకినాలు కట్టుకుంటే మీ ఇష్టం. ఢిల్లీలో మన భోజనం కావాలంటే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది.

1. ఆవిరి రోజు ఖాయం చేసుకోండి

మొత్తం ప్రయాణంలో అసలు పని ఇదే. మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేయండి. మ్యాపుల్లో, ట్రావెల్ ఏజెంట్ల పేజీల్లో కనిపించే నంబర్లు నమ్మొద్దు. సోమవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు ఎవరూ ఎత్తరు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు పొద్దున 11 తర్వాత చేస్తే దొరుకుతారు.

మన హైదరాబాదీ హిందీ చాలు. అడగాల్సినవి ఇవి:

- "పటియాలా మోనోరైల్ కౌన్‌సే దిన్ చల్తీ హై?"
- "ఇస్ హఫ్తే చలేగీ? ఇంజన్ రిపేర్ మే తో నహీ?"
- "స్టీమ్ సే చలేగీ, యా సిర్ఫ్ ఖడీ రహేగీ?"
- "కిత్‌నే బజే?"

రెండో ప్రశ్న మర్చిపోవద్దు. "ఆదివారం నడుస్తుంది" అనేది మామూలు పద్ధతి మాత్రమే, ఈ ఆదివారం నడుస్తుందని కాదు. బాయిలర్‌ను కొన్నాళ్లకోసారి చల్లార్చి లోపల కడగాలి. పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా వెలిగించకూడదు. ఒక్క గొట్టం కారినా ఆ రోజు రద్దే. వందేళ్లు దాటిన యంత్రానికి విడి భాగాలు బజార్లో దొరకవు, తయారు చేయించాలి. అందుకే ఒక్కోసారి నెలల తరబడి ఆగిపోతుంది.

ఫోన్ రెండుసార్లు చేయండి: టికెట్ తీసుకునే ముందు ఒకసారి, బయల్దేరే రెండు రోజుల ముందు ఇంకోసారి. రెండోసారి "రిపేర్" అన్నారంటే రేవాడిని ముందుకు జరపండి, లేదా ప్రయాణమే వాయిదా వేయండి. మొహమాటానికి వెళ్లొద్దు.

నెలల విషయానికొస్తే అక్టోబర్ చివర నుంచి నవంబర్, ఫిబ్రవరి నుంచి మార్చి సగం దాకా బాగుంటుంది. డిసెంబర్ చివర, జనవరిలో పొగమంచు వల్ల ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యం. ఎండాకాలం సెలవుల్లో మాత్రం వద్దనే చెబుతాం. మే నెల ఢిల్లీ ఎండకు బాయిలర్ వేడి తోడైతే పిల్లలు పది నిమిషాలు నిలబడలేరు. పైగా ఆ వేడిలో ఆవిరి కంటికే ఆనదు, ఎందుకో 4వ మెట్టులో చూడండి.

2. రైలు టికెట్

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. శని, ఆదివారాలు ఢిల్లీలో ఉండేలా చూసుకోండి.

మహబూబ్‌నగర్, గద్వాల వైపు వాళ్లకు తిరుపతి నుంచి ఢిల్లీలోని నిజాముద్దీన్ స్టేషన్‌కు వెళ్లే ఏపీ సంపర్క్ క్రాంతి ఇంటి ముందుకే వస్తుంది. వారంలో కొన్ని రోజులే నడుస్తుంది కాబట్టి మీ ఆవిరి రోజుకు కుదురుతుందో లేదో చూసుకోండి. కుదరకపోతే హైదరాబాద్ నుంచి రోజూ పొద్దున 6 ప్రాంతంలో బయల్దేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉంది, మర్నాడు ఉదయం న్యూఢిల్లీలో దింపుతుంది. శుక్రవారం ఎక్కితే శనివారం పొద్దునకల్లా అక్కడ ఉంటారు.

నల్లగొండ, దేవరకొండ వాళ్లు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కోసం ముందు రోజు రాత్రే పట్నం చేరాలి. తెల్లవారుజామున బస్సెక్కి అందుకుంటామనే ధీమా వద్దు.

వృద్ధుల రాయితీ 2020 మార్చి నుంచి లేదు. తాతను, నాయనమ్మను తీసుకెళ్తుంటే పూర్తి చార్జీ లెక్క వేసుకోండి. వాళ్లకు కింది బెర్తు రావాలంటే టికెట్ చేసేటప్పుడు వయసు సరిగ్గా రాయాలి.

3. మ్యూజియానికి చేరడం

నిజాముద్దీన్‌లో దిగినవాళ్లు పక్కనే ఉన్న మెట్రో పింక్ లైన్ ఎక్కి ఎనిమిదో స్టేషన్ సర్ విశ్వేశ్వరయ్య మోతీ బాగ్‌లో దిగండి. మధ్యలో మారే పని లేదు. న్యూఢిల్లీలో దిగినవాళ్లు యెల్లో లైన్‌లో దిల్లీ హాట్ ఐఎన్‌ఏ దాకా వచ్చి, పింక్ లైన్‌కు మారి మూడో స్టేషన్‌లో అదే మోతీ బాగ్‌లో దిగాలి. అక్కడి నుంచి ఆటో.

ఆటో అతనికి "రైల్ మ్యూజియం" అని ఊరుకుంటే రైల్ భవన్‌కో, ఏదో రైల్వే స్టేషన్‌కో తీసుకెళ్లే ప్రమాదం ఉంది. "చాణక్యపురీ, శాంతిపథ్, భూటాన్ ఎంబసీ కే పాస్" అని కలిపి చెప్పండి.

గేటు 10కి తీస్తారు. ఆ సమయానికే ఉండండి. మోనోరైలు ఎప్పుడో మధ్యాహ్నం నడిపినా సరే, పొద్దున్నే వెళ్తే దాన్ని సిద్ధం చేయడం చూడొచ్చు. నడిచే పది నిమిషాల కంటే అంతకు ముందు జరిగే పనే చూడముచ్చటగా ఉంటుంది: బూడిద లాగడం, నూనె పోయడం, బొగ్గు పరచడం, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు నెమ్మదిగా పైకి లేవడం. చల్లారిన చిన్న ఇంజన్‌లో ఆవిరి లేవడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. రేవాడిలోని పెద్ద ఇంజన్లకు ఎనిమిది, పది గంటలు. తొందరపడి మంట పెంచితే రేకులు, గొట్టాలు ఒక్కతీరుగా వ్యాకోచించక అతుకుల దగ్గర కారడం మొదలవుతుంది. అందుకే రాత్రి నుంచే నిదానంగా రాజేస్తారు.

4. ఇంజన్ ఆవిరి మీద ఉందో లేదో మీరే తేల్చుకోండి

ఇక్కడ మోసపోయేవాళ్లు చాలామంది. లోపల తిరిగే టాయ్ ట్రైన్ ఎక్కి "బొగ్గు బండి ఎక్కాం" అని ఫోటోలు పెడుతుంటారు. అది డీజిల్ బండి. కొన్నిచోట్ల పాత ఇంజన్‌ను గాలి కంప్రెసర్‌తో కూడా కదిలిస్తారు. తేడా ఇలా పట్టుకోండి.

ప్రెషర్ గేజ్: క్యాబ్‌లో (డ్రైవర్ నిలబడే గదిలో) గుండ్రటి గడియారంలా ఉంటుంది. ముల్లు సున్నా మీద ఉంటే చల్లటి ఇంజనే. డబ్ల్యూపీ రకం (బ్రాడ్ గేజ్ ప్యాసింజర్) పెద్ద ఇంజన్లకు, ఒత్తిడి దాటకూడని ఎర్ర గీత చదరపు అంగుళానికి 210 పౌండ్ల దగ్గర, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 14.8 కిలోల దగ్గర ఉంటుంది.

నీటి గాజు గొట్టం: గేజ్ పక్కన నిలువుగా ఉంటుంది. ఇంజన్ కదిలినప్పుడు లోపలి నీటి మట్టం కొద్దిగా ఊగాలి. ఎంతకీ కదలని మట్టం, లేదా ఖాళీ గాజు కనిపిస్తే అది ప్రదర్శన కోసం ఉంచిందే.

సేఫ్టీ వాల్వ్: బాయిలర్ మీద కుక్కర్ వెయిట్ చేసే పనే ఇదీ చేస్తుంది. ఒత్తిడి గీత దగ్గరికి వచ్చేకొద్దీ సన్నగా సిమ్మంటుంది, దాటితే ఒక్కసారిగా గర్జిస్తుంది. పక్కనున్న పసిపిల్లలు దడుచుకుంటారు, ముందే చెప్పి పెట్టండి.

వేడి: ముట్టుకోవద్దు. బాయిలర్‌కు అడుగు దూరంలో అరచేయి పెడితే తెలిసిపోతుంది.

పొగ, ఆవిరి: గాలితో కదిలించే ఇంజన్‌కు పొగ ఉండదు, వేడి నూనె వాసన ఉండదు. నిజమైన ఇంజన్‌లో కొత్తగా బొగ్గు వేసిన కాసేపు నల్లటి పొగ వస్తుంది, తర్వాత పలచబడుతుంది. అదే పనిగా నల్లగా వస్తుంటే గాలి చాలడం లేదని, లేదా ఫోటోల కోసం కావాలనే వేస్తున్నారని అర్థం. తెల్లగా కనిపించేది పొగ కాదు, చల్లటి గాలికి నీటి తుంపరగా మారిన ఆవిరి. చలికాలం పొద్దున అది మేఘంలా నిలబడుతుంది. ఎండ మధ్యాహ్నం వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఇంజన్ జోరుగా నడుస్తున్నా "ఆవిరే లేదేంటి" అనిపిస్తుంది.

5. మోనోరైలు చూసే తీరు

దూరం నుంచి చూస్తే బండి పడిపోతుందేమో అనిపిస్తుంది. కింద ఒకే పట్టా. ఇంజన్ బరువులో చాలా భాగం ఆ పట్టా మీది చిన్న చక్రాలే మోస్తాయి. ఒక పక్కన ఉండే పెద్ద చక్రం మట్టి మీద దొర్లుతూ బండి ఒరగకుండా చూస్తుంది. ఎక్కే ముందు ఆ పెద్ద చక్రం వైపుకు వెళ్లి వంగి చూడండి. జనం మామూలుగా పట్టా వైపే ఫోటో తీసుకుని వచ్చేస్తారు, అసలు కిటుకు అటు పక్కన ఉంటుంది.

పటియాలా సంస్థానంలో ఇది 1907 నుంచి 1927 దాకా నడిచింది. మొదట కంచర గాడిదలతో లాగించారు. ఇంజన్ జర్మనీలోని ఒరెన్‌స్టైన్ అండ్ కొపెల్ తయారీ.

ఆగి ఉన్నప్పుడు కాక కదిలే క్షణాన చూడాలి. బండికి ఐదు మీటర్ల అవతల, పెద్ద చక్రం వైపు నిలబడండి.

6. దగ్గర నిలబడేటప్పుడు

బాయిలర్‌లోని ఆవిరి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. రంధ్రం నుంచి బయటికొచ్చే మొదటి కొంత భాగం కంటికి కనిపించదు. తెల్లగా కనిపించేది ఆ తర్వాతది, కాస్త చల్లారింది. కాబట్టి తెల్లటి మబ్బుకూ ఇనుముకూ మధ్య ఖాళీగా ఉన్నట్టున్న చోట చేయి పెట్టడం అన్నిటికంటే ప్రమాదం.

బండి కదిలే ముందు సిలిండర్లలో చేరిన నీటిని పోగొట్టడానికి కింది కుళాయిలు తెరుస్తారు. మోకాలి ఎత్తులో రెండు పక్కలకూ ఆవిరి చిమ్ముతుంది. వీడియో కోసం ముందు చక్రాల పక్కన కూర్చునేవాళ్లకు తగిలేది ఇదే. విజిల్ మోగిందంటే ఐదు మీటర్లు వెనక్కి జరగండి.

కంట్లో నలుసు పడితే నలపొద్దు. రెప్ప పైకెత్తి నీళ్లు పోయండి. పిల్లలు ముందుగా చేసే పని నలపడమే, అందుకే పక్కన ఉండండి.

రేవాడిలో ఇంకో ప్రమాదం ఉంది. చుట్టుపక్కల లైన్ల మీద 25,000 వోల్టుల కరెంటు తీగలు. సెల్ఫీ కోసం టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు ఉండే బండి) మీదికో, పెట్టె మీదికో ఎక్కొద్దు. తీగను తాకక్కర్లేదు, దగ్గరికి పోతేనే లాగేస్తుంది. సెల్ఫీ కర్ర కూడా పైకెత్తొద్దు.

7. ఇంజన్‌ను వరుసగా చదవడం

ఇంజన్ మీది అక్షరాలతో మొదలుపెట్టండి. మొదటి అక్షరం డబ్ల్యూ ఉంటే బ్రాడ్ గేజ్, వై ఉంటే మీటర్ గేజ్, జెడ్ ఉంటే రెండున్నర అడుగుల న్యారో గేజ్. రెండో అక్షరం పీ ప్యాసింజర్‌కు, జీ గూడ్స్‌కు. సికింద్రాబాద్, మహబూబ్‌నగర్, కర్నూలు లైను 1990లలో బ్రాడ్ గేజ్ అయ్యేదాకా మీటర్ గేజే. ఇంట్లో పెద్దవాళ్లు "మన షాద్‌నగర్ స్టేషన్‌ల చూసిన ఇంజన్ ఏది?" అని అడిగితే వై అక్షరం ఉన్న వాటి దగ్గరికి తీసుకెళ్లండి. బ్రాడ్ గేజ్ పక్కన అవి బాగా చిన్నగా కనిపిస్తాయి, వాళ్లకు మాత్రం అవే గుర్తుంటాయి.

తర్వాత డబ్ల్యూపీ రకం ఇంజన్ పక్కకు రండి, ముక్కు బుల్లెట్‌లా ఉంటుంది. ముందు నుంచి వెనక్కి నడవండి. పొగ గొట్టం కింద స్మోక్ బాక్స్. దాని కింద పక్కకు సిలిండర్. సిలిండర్ నుంచి వచ్చే నున్నటి కడ్డీ పిస్టన్ రాడ్. అది ముందుకూ వెనక్కూ మాత్రమే కదులుతుంది. క్రాస్‌హెడ్ దగ్గర కనెక్టింగ్ రాడ్‌కు కలిసి, అక్కడి నుంచి మధ్య చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రాన్ని మిగతా రెంటితో కలిపేది కప్లింగ్ రాడ్. చక్రంలో ఒక వైపు అర్ధచంద్రంలా పోతపోసిన ఇనుప ముద్ద ఉంటుంది, అది ఈ కడ్డీల బరువుకు సరితూకం. దీన్ని వేలితో చూపిస్తూ ఒకసారి నడిస్తే పదేళ్ల పిల్లలకు కూడా ఇంజన్ మొత్తం అర్థమవుతుంది. బోర్డులు చదివించడం కంటే ఇది మేలు.

నడిచే ఇంజన్ ఎదురుగా ఉంటే ఇంకో లెక్క చేయించండి. రెండు సిలిండర్ల ఇంజన్ చక్రం ఒక్క చుట్టు తిరిగితే గొట్టంలో నాలుగు "ఛక్"లు. డబ్ల్యూపీ పెద్ద చక్రం అడ్డుకొలత 1.7 మీటర్లు, చుట్టుకొలత దాదాపు 5.3 మీటర్లు. సెకనుకు నాలుగు ఛక్‌లు వినిపిస్తే బండి గంటకు 19 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఎనిమిదైతే 38. అంతకు మించితే చెవికి లెక్క అందదు.

ఢిల్లీ మ్యూజియంలో మన వాళ్లు వదలకూడనిది ఒకటుంది: 1914 నాటి జాన్ మోరిస్ ఫైర్ ఇంజన్. నిజాం స్టేట్ రైల్వే వాడిన బండి అది. రైలింజన్ కాదని చాలామంది పక్కనుంచే వెళ్లిపోతారు.

8. వీడియో, ఫోటో

ఇంజన్ నలుపు, ఆకాశం తెలుపు. ఫోన్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే నలుపు చూసి వెలుగు పెంచుతుంది, ఆవిరి మొత్తం తెల్లటి మచ్చయిపోతుంది. తెర మీద ఆవిరి దగ్గర వేలు పెట్టి, వెలుగు కొంచెం తగ్గించి, వేలు అలాగే నొక్కి లాక్ చేయండి.

విజిల్ దగ్గర నుంచి రికార్డు చేస్తే శబ్దం పగిలిపోతుంది. 15 మీటర్ల దూరం సరిపోతుంది. బండి కదలడానికి అర నిమిషం ముందే వీడియో మొదలుపెట్టండి. పనికొచ్చే భాగం మొదటి నాలుగు ఛక్‌లే.

ఒకటి తీశాక అక్కడే హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. గాలి హోరు మాత్రమే వినిపిస్తే మైకు ఉన్న వైపు చేయి అడ్డం పెట్టి మళ్లీ తీయండి. ఇంటికొచ్చాక చూసుకుంటే చేసేదేమీ ఉండదు.

9. రేవాడి, లేదా నీలగిరి

రేవాడికి ఢిల్లీ జంక్షన్, సరాయ్ రోహిల్లా, ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్ల నుంచి బళ్లుంటాయి, ప్రయాణం రెండు గంటల ప్రాంతం. షెడ్డు స్టేషన్‌కు నడిచే దూరమే. ఇక్కడ ఇంజన్లు ప్రత్యేక బళ్లకు, సినిమా షూటింగులకు, ఉత్సవాలకు వెలిగిస్తారు. మామూలు రోజున వెళ్తే చల్లటి ఇంజన్లే ఉండొచ్చు. అయినా మరమ్మతు కోసం విప్పి పెట్టిన ఇంజన్ కనిపిస్తే అది కూడా అదృష్టమే, బాయిలర్ లోపలి గొట్టాలు అప్పుడే చూడగలం. సిబ్బందిని "భయ్యా, ఆజ్ కోయీ ఇంజన్ లైట్అప్ హై?" అని అడగండి. అనుమతి లేకుండా క్యాబ్ ఎక్కొద్దు, అడిగితే చాలాసార్లు వాళ్లే ఎక్కించి చూపిస్తారు. అక్బర్, ఆజాద్ అని పేర్లున్న డబ్ల్యూపీ ఇంజన్లను అడిగి చూడండి. ఆజాద్ 1947లో అమెరికాలో బాల్డ్‌విన్ కంపెనీ చేసింది.

నీలగిరి వైపు వెళ్లేవాళ్లలో నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు దాకా నేరుగా ఉంది. పాలమూరు వాళ్లు బెంగళూరు చేరి అక్కడి నుంచి కోయంబత్తూరు బండి పట్టుకోవాలి. మెట్టుపాళయంలో ముందు రాత్రే దిగి పడుకోండి, ఊటీ బండి పొద్దున 7:10కే బయల్దేరుతుంది. స్టేషన్ దగ్గరే చిన్న మ్యూజియం కూడా ఉంది.

టికెట్ చేసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు: సీట్లు లేవని కూనూరు నుంచి ఊటీకి చేసుకోవడం. ఆ భాగంలో డీజిల్ ఇంజనే. ఆవిరి మెట్టుపాళయం, కూనూరు మధ్యనే. ఆ దారిలో చాలా ఇంజన్లు ఇప్పుడు నూనెతో మండుతాయి కాబట్టి ఆవిరి ఖాయం, బొగ్గు మాత్రం ఖాయం కాదు. కల్లార్ దాటాక పట్టాల మధ్య రంపంలా పళ్లున్న కడ్డీ మొదలవుతుంది, ఇంజన్ పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది, ఎక్కుడు 12 అడుగులకు ఒక అడుగు. ఇంజన్ వెనక నుంచి తోస్తుంది. చూపు కావాలంటే ముందు పెట్టె, శబ్దం కావాలంటే చివరి పెట్టె. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కొండచరియలు విరిగిపడి బండి రద్దవడం మామూలే, ఆ నెలల్లో వెళ్తే బస్సుకు డబ్బు పక్కన పెట్టుకోండి.

తిరిగి బయల్దేరే ముందు

మోనోరైలు కదలడం చూశారా, లేక ఆగి ఉన్నదాని దగ్గర ఫోటో మాత్రమేనా? ప్రెషర్ గేజ్ ముల్లు ఎక్కడుందో చూశారా? కనీసం ఒక వీడియోలో మొదటి ఛక్ శుభ్రంగా వినిపిస్తోందా? ఇవి లేకపోతే, టైముంటే, 4:30లోపు మళ్లీ లోపలికి వెళ్లండి. 5 గంటలకు మూసేస్తారు, చివరి అరగంటలో టికెట్ ఇవ్వరు.

బట్టల మీద మసి పడితే అక్కడే నీళ్లు పోసి రుద్దకండి, పోగుల్లోకి దిగిపోతుంది. ఆరిపోయిన బట్టను బయట దులిపి, మిగిలిన మచ్చ మీద పొడి శనగపిండి చల్లి కాసేపుంచి దులపండి. నూనె మరకైతే పాత్రల సబ్బు నీళ్లు రాసి పావుగంట నానబెట్టి ఉతకండి. ఆ బట్టలు మిగతావాటితో కలిపి మిషన్‌లో వేయొద్దు.